లింగమూర్తి కాలికి కట్టిన దోరి

చెప్పుండ్రి చూద్దాం, మనిషి నిద్రపోయినంక ఆయన కాళ్లు ఏం చేస్తయి? ప్రణయ్, నువ్వు చెప్పు. సంధ్యా, నువ్వు లేవకు, కూసో. అది ఏడుపు గాదు బిడ్డా, ఉత్త సణుగుడు. ఆకలేడుపు వేరే ఉంటది, ఇప్పుడే గదా పాలిచ్చినవు. చిన్నదాన్ని ఆ క్రిబ్బుల జర అటు ఇటు మెసులుకోనీ. పొద్దటి సంది చూస్తున్న, అది మూలిగితె చాలు ఎవరో గిచ్చినట్టు లేస్తున్నవు. లేస్తవు, ఎత్తుకుంటవు, అది నీ భుజం మీద పండుకుంటది, దించుతవు, మల్ల మొదలు. నీకు కండ్ల కింద నలుపెక్కింది. సరే, అంత మనసాగకపోతె నీ అరచెయ్యి దాని ఎద మీద పెట్టు. ఎత్తకు, ఉత్తగ పెట్టు. ఆఁ, గట్ల. ప్రణయ్, పిల్ల పండుతదని పెట్టిన ఆ ఫోన్ల వాన సప్పుడు బందు చెయ్యిరా, నాకు ఆరేసిన బట్టలు తడుస్తున్నట్టే గుబులైతంది. ఏందీ, కాళ్లు ఏం చెయ్యవు అంటవా? తప్పు. సున్నా మార్కులు. లింగమూర్తి కాళ్లు నిద్రల బట్ట నేసేటివి.

ఎవరా? మీ తాత సాంబయ్య ఊరాయన, వరుసకు తమ్ముడైతడు. నన్ను వదినె అనేటోడు. మీ అమ్మ బడిల పడ్డ ఏడాదే పచ్చకామెర్లతోని పోయిండు పాపం, అందుకే ఆమెకు మొఖం సుత యాదికి లేదు. సిరిసిల్ల దిక్కు పల్లెల చిన్నప్పటి సంది గుంత మగ్గం మీద కూసున్న మనిషి. గుంత మగ్గం అంటె మీరు చూసి ఉండరు, చెప్త వినుండ్రి. నేల మీద గుంత తవ్వి, అండ్ల కాళ్లు జారేసి కూసుంటరు. కాళ్ల కింద రెండు చెక్కలుంటయి. కుడిది తొక్కితె సగం పోగులు లేస్తయి, అడ్డపోగు మోసే నాడె ఇటుకెల్లి అటు పోతది. ఎడమది తొక్కితె మిగిలిన సగం లేస్తయి, నాడె వాపసొస్తది. కుడి, ఎడమ, కుడి, ఎడమ, పొద్దంత అదే. గసొంటి మనిషి సూరత్ కొచ్చి కరెంటు మగ్గాల మీద పడ్డడు, సాంచలంటం గదా, అవి. సాంచ మీద కాళ్లకు పనేమున్నది? మోటరు తిరుగుతది, నువ్వు నిలబడి పోగు తెగితె అతుకుతవు, గంతే. ఇగ కాళ్లు ఊకుంటయా? పండుకున్నంక పని మొదలువెట్టేటివి. మెస్సు రూములల్ల మనోళ్లు వరుసగ చాపలేసుకొని పండుకుంటరు గదా, ఈయన పక్కన ఎవడు పండుకుంటె వాని పిక్కలు కమిలిపోయేటివి. "ఒరే లింగం, రాత్రి నన్ను ఎన్ని గజాలు నేసినవురా?" అని ఒకడు. "నీకు పెండ్లెట్ల జేస్తర్రా, పిల్ల పొద్దుగాల్ల లేసి తువ్వాల అయి ఉంటది!" అని ఇంకోడు. నవ్వుడు నవ్వుడే, ఆఖరికి చాప చుట్టి బయట పడేసుడు పడేసుడే. ఏ రూముల ఉంచుకోలే. మీ తాతకు పాపమనిపించి మన రూంకు తోల్కొచ్చిండు. మనకు ఒకటే మంచం. మీ తాతది పగటి పాళి, పగటి షిఫ్టన్నట్టు, లింగమూర్తిది రాత్రి పాళి. పొద్దుగాల్ల నేను లేస్తనే ఆయనొచ్చి అదే మంచం మీద పడేటోడు. ఆ మంచం ఎన్నడు సల్లారలే అనుకోండ్రి.

అండ్ల మీ అమ్మ పుట్టింది. ఆఁ, ఎవరనుకున్నరు మల్ల? ఆ సోఫల కూసున్నకాన్నే, చేతుల రిమోటు పట్టుకొని గుర్రు కొడుతుంది చూడుండ్రి, ఆ విజయరాణే. ఇయ్యాల హజీరా కంపెనీ బస్సుల నిలబడి సుత నిద్రపోతది, అప్పుడు మాత్రం తొట్టెల వేస్తె పెనం మీద వేసినట్టే. గల్లీ అంత చేతులే గదా బిడ్డా. నీళ్లకు పోయెటామె ఎత్తుకునేది, నీళ్లు తెచ్చెటామె ఎత్తుకునేది. ఇగ పిల్లకు మంచమేంది, తొట్టేంది, మనుషులే మంచమైన్రు. నేనేమో తెలుగు బడిల టెంపరరీ టీచర్ను. సెలవు అయిపోవస్తుంది, పోకపోతె ఆ కుర్చీల ఇంకొకలు కూసుంటరు. పక్కింటి గంగవ్వను అడిగిన. ఆమె రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. ఖరాకండిగ చెప్పింది: "పండుకున్న పిల్లనైతె సూస్త ప్రమీలా, నా రాట్నం మీ గడపలకే తెచ్చుకుంట. ఏడ్సే పిల్లను ఎత్తుకుంటె కండెలు ఎవరు సుడ్తరు, నీ మొగడా?" న్యాయమే గద. ఇటు లింగమూర్తి. రాత్రంత సాంచల నడుమ నిలబడి వస్తడు, పగలు ఈ పిల్ల ఏడుపుకు రెప్ప వడది. ఒకనాడు చొక్కా చెయ్యి భుజం కాడికి చినిగి వచ్చిండు. నిలబడి కునికితె మోటరు బెల్టు, ఆ పట్టా, గుంజుకున్నదట. "చొక్కనే గద వదినె," అని నవ్విండు, నాకు మాత్రం నవ్వు రాలే. చొక్కా లోపల చెయ్యి ఉంటది గద. అంటె పిల్ల తన తొట్టెల తాను పండుకునుడు నేర్వకపోతె, నా బడి పోతది, ఆ మనిషి చెయ్యి పోతది. అర్థమైందా లెక్క? సంధ్యా, చెయ్యి జర తేలిక చెయ్యి. బరువు పెట్టకు, రెండు వేళ్లు ఆనిస్తె చాలు. అదిగో, నిట్టూర్చింది. లేవకంటున్న!

మన ఇంటి ఓనరు, గుజరాతీ ముసలమ్మ భాగీరథి బా తన మనుమలు ఊగిన ఘోడియు ఇచ్చింది, వాళ్ల తొట్టెల అన్నట్టు. మీ దోస్తుల ఇండ్లల్ల చూసి ఉంటరు, కట్టె స్టాండు, నడుమ గుడ్డ జోలె, లాగుతందుకు దోరి, అదే తాడు. "తారీ ఛోక్రీ రాజ్‌కుమారీ ఛే, హాథ్ మాజ్ సూవే ఛే," అని దెప్పుకుంటనే ఇచ్చింది. నీ పిల్ల రాకుమారి, చేతులల్లనే పండుతది అని. నేను ఆ దోరి నా కాలి బొటనేలుకు కట్టుకొని స్టవ్వు ముంగట కూసునేది. ఊపుడు ఆగితె ఏడుపు. ఒకనాడు పొద్దుగాల్ల అన్నం పొంగుతుంది, గంజి వంపాలె, రెండు చేతులు గిన్నెకే గావాలె. కాలేలికున్న దోరి ఊడదీసి ఏడ పెట్టాలె? ఎదురుంగ మంచం మీద లింగమూర్తి కాళ్లు కనవడ్డయి, తగిలిచ్చిన. గంజి వంపి తిరిగి చూస్తనా, ఘోడియు ఊగుతనే ఉన్నది! ఆయన గుర్రు కొడుతుండు, కాళ్లు కుడి, ఎడమ, కుడి, ఎడమ. పిల్ల పండుకున్నది. గంగవ్వను పిలిచి చూపిస్తె కొంగు నోట్లె కుక్కుకొని నవ్వింది. "మెస్సోళ్లు ఎల్లగొట్టిన కాళ్లు గివేనా!" అని. లేచినంక ఆయనకు చెప్తె సిగ్గువడ్డడు, మల్ల తన కాళ్లను తనే ఎవరివో చూసినట్టు చూసుకున్నడు. "అయితె ఉత్తగ పోతలేవన్నట్టు," అన్నడు. ఇగ తెల్లారి నుంచి తనే దోరి కట్టుకొని పండుకునేది. డుమస్ సముద్రం కాడికి పోయినప్పుడల్ల టమాట భజియాలు పొట్లం కట్టించుక తెచ్చి, "మా పార్టనర్‌కు," అనేటోడు. పండ్లు లేని పిల్లకు భజియాలు! నేనే తినేది, ఇంకెవరు తింటరు. అవి మస్తుగుంటుండె అప్పుడు, పిండి పల్సగ, టమాట మందంగ. ఇప్పుడు ఉత్త పిండి. ఏం చెప్తున్న? ఆఁ.

బాగనే ఉన్నదనుకున్నం గదా. అండ్లనే కార్ఖానా సేఠు సాంచలు పీకి ఊరవతల సచిన్ అనే జాగకు తరలిస్తున్నడని కబురొచ్చింది. లింగమూర్తి అక్కడికే పోయి ఉండాలె. మల్ల మొదటికొచ్చింది కథ. పిల్ల తొట్టెల పండుకునుడైతె నేర్చింది గని, ఒక మనిషి కాలు ఉంటేనే. సగం నేర్చిన పాఠం అది. బడిల మేము పిల్లలకు అక్షరాలు ఎట్ల నేర్పుతం? ముందు పలక మీద అక్షరం రాసిచ్చి దిద్దుమంటం. తర్వాత చుక్కలు పెడ్తం. ఆ చుక్కలు రోజు జర దూరం దూరం పెడ్తం. ఒకనాడు చుక్కలే ఉండవు, పిల్లగాడు తనంతల తనే "అ" రాస్తడు, రాసినట్టు వానికే తెల్వదు. నేను దోరిని గట్లనే చేసిన. రోజు జరంత పొడుగు వదిలేది. ఆయన కాలు ఆడినా దోరి సగం వదులుగ ఉండి, తొట్టె సగమే ఊగేది. తెల్లారి ఇంకింత వదులు. లింగమూర్తి కనిపెట్టిండు. "ఏం తొందర వదినె, నేనింక పోలే గద," అన్నడు, మొఖం ముడుచుకొని. "నువ్వు పోయినంక నేర్పితె ఏడుస్తది, ఉండంగనే నేర్పాలె," అన్న. ఒకనాడు నేను చూస్తున్న, దోరి నేల మీద పామోలె పడి ఉన్నది. ఆ కొసన ఆయన కాళ్లు గాలిల తొక్కుతున్నయి. ఈ కొసన ఘోడియు కదుల్తలే. మీ అమ్మ బొటనేలు నోట్లె పెట్టుకొని, కండ్లు తెరిచి, కప్పు దిక్కు చూసుకుంట చూసుకుంట తనంతల తనే కండ్లు మూసింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, చేతులు కట్టుకొని కూసున్న. ఆయన లేచి దోరి చూసిండు, పిల్లను చూసిండు. కాలికున్న ముడి ఇప్పి, దోరి అంత చుట్ట చుట్టి, స్టాండుకు తగిలిచ్చిండు. "పాసైంది," అన్నడు. మూట కట్టుకొని సచిన్ బస్సెక్కిండు.

సంధ్యా, ఇప్పుడు చెయ్యి తీసి ఆ క్రిబ్బు కమ్మి మీద పెట్టుకో. దగ్గరనే ఉంటవు, పారిపోతలేవు. ఆఁ.

నా బడి నిలవడ్డది, గంగవ్వ కండెలు నిలవడ్డయి. మీరింతే అనుకుంటున్నరు గదా? కార్ఖానా బందుండె సుట్టి రోజు లింగమూర్తి వచ్చిండు. మనిషి గుంజకపోయి, కండ్లు ఎర్రగ, కూసుంటలేడు, నిలబడ్తలేడు. "అక్కడ నిద్ర పడ్తలేదు వదినె," అన్నడు. "ఎందుకు, అక్కడోళ్లు సుత ఎల్లగొట్టిన్రా?" అన్న. "లేదు. కాళ్లు ఆగినయి. నా పక్కపొంటి వాళ్లంత మంచోడివి, గమ్ముగ పండుకుంటవు అంటున్నరు. నాకే... అవతల ఏం లేనట్టు అయితంది. పక్క మీద పొర్లుడే పొర్లుడు, మల్ల పోయి సాంచల ముంగట నిలబడుడు." స్టాండుకున్న చుట్టను చూపించి, "ఒక్కసారి ఆ దోరి కట్టుకుంటనే," అన్నడు. నేనేం జెయ్యాలె చెప్పుండ్రి? కట్టనియ్యకపోతె ఆ మనిషి చెయ్యి ఏ పట్టాల పడ్తదో. కట్టనిస్తె పిల్ల నేర్చిందంత మర్చిపోతది, మల్ల ఊపు అలవాటైతది, నేను బడికి పోయినట్టే. పోనీ పిల్లను తీసి ఉత్త తొట్టెకు కడదామంటె, ఉత్త తొట్టె ఊపగూడదు, మనోళ్లకు పట్టింపు. బరువు లేకపోతె ఆ కాలికి సుత తెలుస్తది. గప్పుడు మూలకున్న రోలు కనవడ్డది. ప్రణయ్, పొద్దుగాల్ల అడిగినవు చూడు, రేపు చిన్నదాన్ని తొట్టెల వేసే పండుగల ముందుగాల్ల పొత్రం ఎందుకు పండవెడ్తరు అని? బిడ్డ కంటె ముందు రాయి పండుకుంటె, బిడ్డ రాయోలె గట్టిగుంటదని పెద్దోళ్లు అంటరు. మీ అమ్మకు గట్లనే చేసినం, అదే పొత్రం, ఇగో ఇప్పుడు బాల్కనీల పప్పు రుబ్బుతున్న గదా, అదే. ఆయన స్నానానికి పోంగ, మీ అమ్మను గంగవ్వకు ఇచ్చి, పొత్రాన్ని కడిగి తుడిచి, బొంతల చుట్టి ఘోడియుల పండవెట్టిన. బరువు ఇంచుమించు పిల్లంత ఉంటది. ఆయనొచ్చి దోరి కట్టుకొని ఒరిగిండు. జరసేపటికి కుడి, ఎడమ, కుడి, ఎడమ. చీకటి పడేదాక లేవలే.

ఇగ ప్రతి సుట్టికి గదే. వచ్చేది, పొత్రాన్ని ఊపుకుంట పండుకునేది, సాయంత్రం బస్సుకు పోయేది. చెయ్యి సల్లగ ఉన్నది ఆయనది, చివరిదాక. నేను మోసం చేస్తున్ననేమో అని ఒకదిక్కు, తెలిస్తె చిన్నబోతడేమో అని ఒకదిక్కు, ఆయన మెసులుతె చాలు గంటె పట్టుకొని తిరిగి చూసేది. ఒకనాడు నేను స్టవ్వు కాడ ఉన్న, ఆయన లేచిండు. బయట గడపల గంగవ్వ ఒళ్లె మీ అమ్మ కేరింతలు కొడ్తంది, గల్లీ అంత ఇనవడ్తంది. లోపలికి ఇనవడదా? నిలబడి ఇన్నడు. ఇనుకుంటనే కాలి ముడి ఇప్పిండు. ఘోడియు మీదికి వంగి, జారిన బొంతను పొత్రం మీదికి గుంజి, ఫ్యాను గాలి తగలకుంట రెండు దిక్కుల లోపలికి చెక్కిండు. చెప్పులు చేతుల పట్టుకున్నడు, సప్పుడు కాకుంట మునివేళ్ల మీద బయటికి...

ఊఁ.

సంధ్యా, నీ చేతులు ఏడున్నయి? చూసుకో. ఒళ్లె పెట్టుకున్నవు, ఎప్పుడు పెట్టుకున్నవో నీకే తెల్వదు. అటు చూడకు, పండుకున్నది, నువ్వు సుత ఒరుగు జర. ప్రణయ్, మీ అమ్మ చేతుల రిమోటు తియ్యి, కిందవడ్తది. నేను పోత, రోట్లె పప్పు సగంలనే ఉన్నది, ఎండిపోతది. రుబ్బి, ఆ పొత్రం మంచిగ కడిగి ఆరవెట్టాలె, రేపు దాని పని ఉన్నది.