మూడు వందల పన్నెండు కుటుంబాలకు ఉత్తరాలు రాసిన ఎల్‌ఫ్రిద్ గారు

1986వ సంవత్సరం సెప్టెంబరు ఒకటవ తేదీన, నార్వే పశ్చిమ తీరంలోని మన చిన్న ఆసుపత్రి ఎక్స్‌రే విభాగంలో, ఇరవై ఎనిమిదేళ్ల నర్సుగా శ్రీమతి ఎల్‌ఫ్రిద్ నెస్‌హైమ్ గారు ఉద్యోగంలో చేరారు. శీతాకాలమంతా మంచుపై జారిపడిన వృద్ధ స్త్రీలను బల్లపై పడుకోబెట్టి, విరిగిన తుంటి ఎముకల చిత్రాలు తీయడమే తొలి ఆరేళ్లూ ఆమె విధి.

1993లో డాక్టర్ ఓస్ముండ్ వీక్ గారి ఆధ్వర్యంలో కుటుంబాల అధ్యయనం ప్రారంభమైంది. ఒకే చేప, ఒకే పాలు తీసుకుని, ఒకే గాలి పీల్చిన ఇరుగుపొరుగు స్త్రీలలో, ముట్లు ఆగిన తరువాత ఒకరి ఎముకలు దృఢంగా నిలవడం, మరొకరివి గుల్లబారడం ఎందువల్ల, ఇందులో తల్లి నుంచి సంక్రమించిన జన్యువుల పాత్ర ఎంత అన్నది పరిశోధనాంశం. మూడు వందల పన్నెండు కుటుంబాల తల్లులకూ కూతుళ్లకూ రక్తం తీసి, ఎముకల సాంద్రత కొలిచే బాధ్యత ఎల్‌ఫ్రిద్ గారిది. అయితే ఫలితాలను పాల్గొన్నవారికి వెల్లడించరాదన్నది నియమం.

1997 అక్టోబరులో చేపల ప్యాకింగ్ కార్మికురాలు తోర్గున్ గారు, యాభై ఏడేళ్ల మనిషి, కొలత ముగిశాక, "ఏమైనా తేడా ఉందా అమ్మాయ్?" అని అడిగారు. తెరపై అంకె కనబడుతూనే ఉన్నా, "డాక్టర్లు చూస్తారండి" అని ఎల్‌ఫ్రిద్ గారు కోటు అందించారు. మరుసటి ఫిబ్రవరిలో తోర్గున్ గారు తన గుమ్మం ముందే జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆ చిత్రం తీసిందీ ఎల్‌ఫ్రిద్ గారే. ఆ మధ్యాహ్నమే వార్డుకు వెళ్లి మంచం పక్కన నిలబడ్డారు.

"మీ ఎముకలు పల్చబడ్డాయని అక్టోబరులోనే చూశానండి."

"చూసి కూడా నన్ను ఇంటికి పంపించావా?"

"చెప్పకూడదని నియమం."

"నియమానికేం, దానికి తుంటి లేదుగా విరగడానికి!"

పక్కనే కూర్చున్న కూతురు సిన్నెవె నిట్టూర్చింది. "అమ్మమ్మకీ ఇదే, నీకూ ఇదే. తరవాత నా వంతేగా. మంచి ఆస్తే ఇస్తున్నావమ్మా!"

"నీ ముక్కూ నాదే. దాని గురించి ఎప్పుడూ ఏడవలేదేం?"

తల్లీకూతుళ్లు నవ్వారు. ఎల్‌ఫ్రిద్ గారికి నవ్వు రాలేదు.

ఆ తరువాతి నాలుగేళ్లు, ఫలితాలు పాల్గొన్నవారికి చెప్పనివ్వమంటూ, పరిశోధనలకు అనుమతులిచ్చే నైతిక సంఘానికి ఆమె లేఖ వెంట లేఖ రాశారు. మూడుసార్లు తిరస్కృతి వచ్చింది. ఓస్ముండ్ గారూ సుముఖంగా లేరు. "చెబితే కంగారుపడతారు ఎల్‌ఫ్రిద్. జన్యువుల్ని మార్చగలమా మనం?" అన్నారు. "మార్చలేం డాక్టర్ గారూ. కానీ మాత్ర వేసుకోగలరు, గుమ్మం ముందు ఇసుక చల్లుకోగలరు. చెప్పకపోతే అదీ లేదు," అన్నారామె. 2002లో అనుమతి లభించింది. మూడు వందల పన్నెండు కుటుంబాలకూ ఆమె స్వహస్తాలతో ఉత్తరాలు రాశారు. ఓస్ముండ్ గారి భయమూ పూర్తిగా అబద్ధం కాలేదు. ఒకామె తల్లితో మాట్లాడటం మానేశారు. మరొకామె ఏడాదిపాటు, తప్పు తనదేనా అంటూ వారం వారం ఫోన్ చేశారు. ఎముకల గట్టితనంలో సగానికి పైగా వారసత్వమేననీ, అయితే ఏ ఒక్క జన్యువునో దోషిగా నిలబెట్టలేమనీ, వందలాది జన్యువులు తలా కొంచెం తగ్గించో పెంచో పోతాయనీ, ఎల్‌ఫ్రిద్ గారు ఒకే మాటను విసుగు కనబడనీయక వేలసార్లు చెప్పారు. చెప్పి చెప్పి ఆమె గొంతు సన్నబడిన సంగతి సహోద్యోగులు గమనించకపోలేదు.

2011లో, తనకు ముట్లు ఆగిన రెండేళ్లకు, ఎల్‌ఫ్రిద్ గారే ఆ బల్లపై పడుకున్నారు. యంత్రం నడిపిన సహోద్యోగి మారిట్ అంకె చూసి తెరను పక్కకు తిప్పబోతే, "మా అమ్మ వంగిన నడుము నాకు గుర్తుందిలే, చదువు" అన్నారు. అనంతరం అదే నమూనా ఉత్తరం తన పేరిట రాసుకుని, సంతకం చేసి, తపాలాలో వేశారు. "అందుకున్నప్పుడు ఎలా ఉంటుందో నాకూ తెలియాలిగా," అన్నారు. ఉత్తరం అందిన రోజున సెలవు పెట్టారు. ముప్ఫై తొమ్మిదేళ్లలో కారణం చెప్పకుండా ఆమె పెట్టిన సెలవు అదొక్కటే.

ఆమె పదవీ విరమణ సందర్భంగా మన ఆసుపత్రి పత్రిక తెస్తున్న ఈ సంచిక సంగతి తెలిపినప్పుడు ఎల్‌ఫ్రిద్ గారు ఒక్క షరతు పెట్టారు. "అలుపెరుగని సేవ అని మాత్రం రాయకండి. బాగా అలిసిపోయాను. ఇక నిద్రపోతాను, ఎవరూ ఫోన్ చేయొద్దు." కనుక ఆ మాట రాయడం లేదు. ఆమె అలిసిపోయారు, ఆ అలసటకు నమస్కరిస్తున్నాము. ఫోన్ చేయబోమని సహోద్యోగులందరి పక్షాన మాట ఇస్తూ, తీరిగ్గా నిద్రలేచి, ఎవరి ఎముకల గురించీ తలచుకోకుండా భర్త ఎదుట కూర్చుని కాఫీ తాగే ఉదయాలు ఆమెకు వేలకొద్దీ లభించాలనీ, ఆరోగ్యంతో, తడబడని అడుగులతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలనీ మనసారా కోరుకుంటున్నాము.