గడి ముందు దర్వాజ, మా అక్క చెప్పులు

నా పేరు గుండేటి రాయమల్లు. తండ్రి పేరు బుచ్చన్న. వయసు అరవై ఆరు. బొగ్గుబాయిలో టబ్బులకు బొగ్గు నింపే ఫిల్లర్‌గా చేసి రిటైరయ్యాను. ఉండేది సెంటినరీ కాలనీ క్వార్టర్లో. నాలుగో తరగతి సగం చదివాను, మిగిలిన సగం మా పంతులు దగ్గరే ఉంది. ఈ మాట కూడా రాయమని, స్టేషన్లో నా వాంగ్మూలం రాసుకుంటున్న హెడ్డు కానిస్టేబుల్ గారికి చెప్పాను.

1996 నవంబరు పది, ఆదివారం. మా అక్క సమ్మవ్వను బస్సులో మంచిర్యాల అవతల మేం పుట్టిన ఊరికి తీసుకుపోయాను. అక్కడి దొర ఉండిన పెద్ద గడిని బాగుచేసి మ్యూజియం పెట్టారని విన్నాం. చిన్నప్పుడు మా అక్క ఆ గడిలో వెట్టి చేసింది. రోజూ వాకిలి ఊడ్చి పేడనీళ్ల సానుపు చల్లేది. లోపలికి పోయేది మాత్రం వెనక దొడ్డి దర్వాజ నుంచే, అదీ చెప్పుల్లేకుండా. ఒక్కసారి ముందు దర్వాజలో నుంచి పోవాలని ఆమె కోరిక. అందుకే గోదావరిఖనిలో కొత్త చెప్పులు కొనిచ్చాను.

పదకొండు గంటలకు గేటు దగ్గర టికెట్లు తీసుకుని చూస్తే అక్క పక్కన లేదు. చెప్పులు చేతిలో పట్టుకుని, నడుం వంచి, గోడ వెంబడి వెనక్కు పోతోంది. అటు పొమ్మని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"ఎటు పోతున్నవే అక్కా?"

"లోపటికి."

"టికెట్టు కొన్న గదనే. గిటు రా."

చెయ్యి పట్టుకుని ముందు మెట్ల దగ్గరికి తీసుకొచ్చాను.

మెట్ల దగ్గర కాపలాదారు మొగిలి ఆపాడు. "చెప్పులిడువుండ్రి. నున్నటి బండలు, ఖరాబైతయ్."

లోపల పట్నం వాళ్లు నలుగురు బూట్లతో తిరుగుతున్నారు. చూపించాను.

"వాళ్లు పెద్దోళ్లు తాతా."

"మా అక్కకు డెబ్బై. గంతకన్న పెద్దోళ్లు లోపట ఎవలున్నరో సూపియ్యి."

మెట్టు మీద కూర్చుని అక్క కాళ్లకు నేనే చెప్పులు తొడిగాను. ముందు దర్వాజలో నుంచే లోపలికి పోయాం.

హాల్లో దొర ఫొటోకు తాజా పూలదండ వేసి ఉంది. అగరుబత్తి వాసన, పాలిష్ వాసన. పక్కన వాకిలి ఊడ్చే ఆడమనిషి మట్టిబొమ్మ. బుగ్గలకు ఎర్రరంగు, మూతి నిండా నవ్వు. బూట్లవాళ్లు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు.

"ఇది ఎందుకు నవ్వుతున్నదిరా?" అని అక్క అడిగింది.

  నోట్లోకి ఉమ్మి వచ్చింది, మింగాను. ఉమ్మేశానని మొగిలి చెప్పింది అబద్ధం.

మొగిలి వచ్చి, బయటికి నడవమని అక్క రెక్క పట్టి గుంజాడు. చెప్పు ఒకటి ఊడింది. అప్పుడు హాల్లోనే ఉన్న దొర కుర్చీకి వేలాడే అట్టబోర్డు తీశాను. దాని మీద 'చెయ్యి వేయరాదు' అని ఉంది. కూడబలుక్కుని అందరికీ వినబడేటట్టు చదివి, అక్క మెడలో వేశాను. మొగిలి చెయ్యి తీశాడు. ఊడిన చెప్పు మళ్లీ తొడిగాను. అక్క అన్ని గదులూ నిదానంగా చూసింది. నడుం వంచలేదు.

నేనేమీ పగలగొట్టలేదు. ఆ కుర్చీలో కూర్చోబుద్ధి కూడా కాలేదు. మ్యూజియం వాళ్లు మమ్మల్ని స్టేషన్‌కు పట్టిచ్చి, బోర్డు దొంగిలించానంటున్నారు. బోర్డు ఎటూ పోలేదు. స్టేషన్ వరండాలో, బెంచీ మీద, మా అక్క మెడలోనే ఉంది. ఇయ్యమంటే ఇయ్యనంటోంది. కావాలంటే ఎస్సై సారే పోయి తీసుకోవచ్చు. ముందు దాని మీద రాసింది చదువుకోవాలి.

ఇదంతా నా నోటితో నేను చెప్పిందే. హెడ్డు గారు చదివి వినిపించారు. ఇందులో అబద్ధం లేదు.

(సంతకం) గుండేటి రాయమల్లు