మనస్వి తప్పిపోలేదు

నా పేరు మంథా సత్యవాణి. వయస్సు డెబ్బయి మూడు సంవత్సరాలు. ఉన్నత పాఠశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశాను. నివాసం ఏలూరు, పవర్‌పేట. ఈ రోజు, 2025 నవంబరు 10, సోమవారం, మధ్యాహ్నం 1.45 గంటలకు ఎస్సై కృపానందం గారు అడిగిన మీదట ఈ సంగతులు చెబుతున్నాను. నా మనుమరాలు మనస్విని గోపీనాథ్ అనే వ్యక్తి తీసుకుపోయాడని నా కుమారుడు రామనాథం ఉదయం 9.50కి ఫిర్యాదు ఇచ్చాడు.

మనస్వికి నేటికి ఇరవై సంవత్సరాల నాలుగు నెలల ఎనిమిది రోజులు. తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం మూడో సంవత్సరం చదువుతోంది. ఇక్కడినుంచి రోజూ రైల్లో వెళ్ళి వస్తుంది.

సెప్టెంబరు 8 నుంచి సోమవారాల్లో ఆమె సంచి తేలికగా ఉంటోంది. 15వ తేదీ సాయంత్రం చున్నీ అంచుకు చేప పొలుసు ఒకటి అంటుకుని కనిపించింది. మాది అర్చకుల కుటుంబం. నేను అడగలేదు. డైరీలో తేదీ వేసుకున్నాను. మరుసటి సోమవారం నుంచి పెరటి కుళాయి దగ్గర బకెట్టు, సబ్బు, మార్చుకోవడానికి బట్టలు పెట్టాను. అవి ఎవరు పెట్టారని ఆమె కూడా అడగలేదు.

రామనాథం మా వీధి శివాలయంలో అర్చకుడు. స్తోత్రాలు అతని ఫోన్ నుంచి బ్లూటూత్ మీద గుడి స్పీకర్లకు వెళతాయి. ఈ రోజు కార్తీక సోమవారం. అభిషేకం వరుసలో నేను పద్నాలుగో మనిషిని. 9.20కి ఆ ఫోన్ మోగింది. అతను మడిలో ఉన్నాడు, నోట్లో మంత్రం ఉంది. ఫోన్ ఆపమని పక్కనున్న సుబ్బాయమ్మ గారికి చేత్తో సైగ చేశాడు. ఆవిడ ఎత్తమన్నాడనుకుని పచ్చది నొక్కింది. స్పీకర్లలో ఈ మాటలు వినిపించాయి.

"నమస్తే అండీ, కాలేజీ ఆఫీసు నుంచండి. మీ అమ్మాయి మనస్వి తొమ్మిది సోమవారాలు క్లాసుకి రాలేదండి. పెదపాడులో గోపీనాథ్ గారి దగ్గరికి వెళ్తోందంట. ఇంట్లో తెలియకూడదని మా కౌన్సెలర్ మేడమ్‌తో చెప్పుకుందండి. పేరెంట్స్ కదా, మీకు చెప్పాలి కదండీ."

తొమ్మిది అన్నది తప్పు. ఒకటి దసరా సెలవు, ఒకటి దీపావళి. నా డైరీ ప్రకారం ఏడు.

రామనాథం మడి మరిచి ఫోన్ లాక్కున్నాడు. అది జారి అభిషేకం పాలలో పడింది. ఫోన్ మాట ఆగిపోయింది. వీధిలో మాటలు మొదలయ్యాయి.

"ఏవండీ పంతులుగారూ, ఆ గోపీనాథ్ ఎవరబ్బాయండీ? ఉద్యోగం ఉందా అండీ?" అని సుబ్బాయమ్మ గారు అడిగింది.

అతను పట్టుపంచెతోనే స్టేషనుకు పరుగెత్తాడు. నేను ఇంటికి వెళ్ళి మనస్వికి 9.41, 9.44, 9.47కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. 10.05కి నేనూ స్టేషనుకు వచ్చాను.

"మామ్మగారూ, అమ్మాయి మేజరండి. ముందు ఆమెనే అడుగుదాం," అని ఎస్సై గారు మమ్మల్ని జీపులో ఎక్కించుకున్నారు.

పెదపాడులో గోపీనాథ్ పేరు చెప్పి దారి అడిగి, 10.55కి ఊరు దాటి ఒక చేపల చెరువు దగ్గర దిగాము. మనస్వి నడుము లోతు నీళ్ళలో ఉంది. ముగ్గురు మనుషులు వల పట్టుకున్నారు. ఆమె ఒక శీలావతి చేపను రెండు చేతులా ఎత్తి మొప్పలు తెరిచి చూస్తోంది. గట్టు మీద చెరువు యజమాని గోపీనాథ్ గారు కూర్చున్నారు. వయస్సు అరవై నాలుగు. మనస్వి ఫోను, క్యారేజీ ఆయన ఒడిలో ఉన్నాయి.

"మూడుసార్లు మోగిందండి," అన్నారు.

"ఎత్తలేదేం?" అని అడిగాను.

"ఆ అమ్మాయి ఫోను నేనెలా ఎత్తుతానండీ?"

ఆయన రామనాథం వైపు తిరిగి, "కిడ్నాపంటున్నారేంటండీ పంతులుగారూ! మీ అమ్మాయే నన్ను పట్టుకుందండి. మేత తగ్గించండి, నీళ్ళు మార్చండి అని ఏడు వారాలుగా ఒకటే సతాయింపు. చేపలకి పట్టిన పేను మాత్రం వదిలిందిలెండి," అన్నారు.

ఎస్సై గారు మనస్వితో మోటారు షెడ్డు దగ్గర పన్నెండు నిమిషాలు విడిగా మాట్లాడారు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. వినబోయిన రామనాథాన్ని ఉత్తరీయం పట్టి ఆపాను.

తరువాత మనస్వి మా దగ్గరికి వచ్చింది. చేపల జబ్బులు చూసే ల్యాబు పెట్టుకోవాలని, పని నేర్చుకుంటున్నానని చెప్పింది.

"చేపలా అమ్మా?" అన్నాడు రామనాథం.

"చేపలే నాన్నగారూ."

"తినవు కదా?"

"డాక్టర్లు పేషెంట్లని తింటారా నాన్నగారూ?"

గోపీనాథ్ గారు గట్టిగా నవ్వారు. రామనాథం నవ్వలేదు. ఊరంతా విన్నదని, రేపటినుంచి కాలేజీ వద్దని, చెరువూ వద్దని అన్నాడు.

"వినడం ఊరి తప్పు కాదు, నా తప్పూ కాదు. నేను మేడమ్ ఒక్కరితోనే చెప్పుకున్నాను. క్లాసుకి ఎందుకు రాలేదని నన్నడిగితే జవాబు చెప్పేదాన్ని కదా బామ్మా?" అంది మనస్వి.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. పిల్లలు బడికి రాకపోతే నేనే ఇళ్ళకు కార్డులు రాసేదాన్ని. వాళ్ళు పద్నాలుగేళ్ళ పిల్లలు. ఇరవై ఏళ్ళ మనిషి గైర్హాజరుకు ఆ మనిషే జవాబుదారీ. ఆ మాట రామనాథంతో గట్టు మీదే చెప్పాను. చదువు ఆపితే అతనింట్లో నేను భోజనం చేయనని కూడా చెప్పాను. ఇది బెదిరింపే. ఒప్పుకుంటున్నాను.

1.10కి స్టేషనులో మనస్వి ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం రాసింది. తన హాజరు, మార్కులు, కౌన్సెలర్‌తో చెప్పుకున్న మాటలు తన అనుమతి లేకుండా ఇంటికి చెప్పవద్దని కోరింది. ప్రమాదం జరిగితే మాత్రం ఒక నంబరుకు ఫోన్ చేయమంది. నా నంబరు చెప్పబోయాను.

"వద్దులే బామ్మా," అని తనే రాసింది.

రామనాథం కాగితం దగ్గరగా పెట్టుకుని చదివాడు. "నా నంబరే రాశావా అమ్మా?"

"ప్రాణం మీదికొస్తే మీరు కాక ఎవరొస్తారు నాన్నగారూ? హాజరు సంగతి మాత్రం నాది."

అతను ఎస్సై గారి పెన్ను తీసుకుని, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని దాని కిందే రాశాడు. ఆ పక్కన, అడగకుండానే, వచ్చే సోమవారం చెరువు దగ్గర నేనే దిగబెడతాను అని కూడా రాశాడు. అది కేసుకు అవసరం లేదని ఎస్సై గారు అన్నారు. కొట్టివేయవద్దని నేను కోరాను.

ఇందులో ఉన్నవి నేను చూసినవి, విన్నవి. విననిది ఏదీ చేర్చలేదు. రాసినది స్వయంగా చదివి, రెండు చోట్ల వేళలు సరిచేయించి, నిజమని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సం.) మంథా సత్యవాణి
10–11–2025, మధ్యాహ్నం 2.35