ఊఁ కొట్టని సరంగు

ఈతకొలనులో లోతు తక్కువ వైపు మెట్ల మీద, ఇరవై రెండేళ్లుగా లాంచీ నడుపుతున్న సరంగు ఒకావిడ ముక్కు పట్టుకుని కూర్చుంది. ఆమెకు ఎదురుగా, నడుం లోతు నీళ్లలో, మెడలో ఈలతో నిలబడ్డది ఆమె ఆడపడుచు. అక్కడ ఈత నేర్పేది ఈ ఆడపడుచే. ఇద్దరిలో ఎవరు మొండో ఆ ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

"ముక్కు వదులు వదినా."

"వదలను."

"వదులు."

"వదిలితే నీళ్లెళ్తాయి. వెళ్తే తలలో మిరపకాయలు దంచినట్టుంటుంది. నీకేం, చేపవి."

"పరీక్షలో కొలను అడుగునించి ఇటుక ఎన్ని చేతులతో తేవాలి?"

"రెండు."

"నీకెన్ని ఉన్నాయి?"

"వెటకారం వద్దు."

"రెండున్నాయి. ఒకటి ముక్కుకిచ్చేశావు. మిగిలినదాంతో అయిదు కిలోల రబ్బరు ఇటుక పైకెలా తెస్తావు? నిన్న రెండుసార్లు జారిపోయింది. పదింటికి మీ ఆఫీసరు వస్తారు. ఇప్పుడు తొమ్మిదీ పది."

"రానీ. ముక్కుకి క్లిప్పేదో ఉంటుందటగా, బట్టలారేసేదానిలాంటిది..."

"పరీక్షలో కుదరదు. క్లిప్పుల్లేవు, కళ్లద్దాల్లేవు. లాంచీ మీంచి ఎవరైనా పడితే, 'ఉండు నాయనా, నా క్లిప్పు ఎక్కడ పెట్టానో చూసుకుని వస్తా' అంటావా?"

"అనను. ఏం చెయ్యాలో చెప్పు."

"చేతులూ కాళ్లూ ఆడించడం నెలలో వచ్చేసింది నీకు. తల ఒక్కటే, నెమలిలా పైకెత్తుకుని ఈదుతావు. ముంచితే ఊపిరి బిగపడతావు. తప్పంతా అక్కడే. బిగపడితే ముక్కు ఖాళీ ఇల్లు. ఖాళీ ఇంట్లోకి ఎవరైనా దూరతారు. లోపల్నించి గాలి కొంచెం కొంచెంగా వస్తూ ఉంటే నీళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి."

"కొంచెం కొంచెంగా ఎలా? నేను తుమ్మితే అవతలి ఒడ్డుకి వినపడుతుంది."

"అందుకే చిట్కా. నోరు మూసుకుని ఊఁ కొట్టు."

"ఏంటీ?"

"ఊఁ. కథ వింటూ ఊఁ కొడతామే, అలాగ. నోరు మూసి ఊఁ అంటే గాలికి ముక్కు తప్ప వేరే దారి లేదు. పిల్లలందరికీ అలాగే నేర్పుతా. ముక్కు కింద వేలు పెట్టుకుని ఊఁ అను, వెచ్చగా తగులుతుంది."

"నేను ఊఁ కొట్టను."

"అదేంటి?"

"మీ అన్నయ్యని చేసుకుని ఇరవై ఆరేళ్లు. ఒక్కనాడైనా ఊఁ కొట్టానా?"

"లేదు. పాపం అన్నయ్య."

"మీ అమ్మకి కొట్టానా?"

"అమ్మ ఉన్నన్నాళ్లూ అదే ఏడుపు. 'ఈ పిల్ల నోట్లో ఊఁ పెట్టడం మర్చిపోయాడు దేవుడు' అనేది."

"ఆడది సరంగేంటని రేవు రేవంతా ముక్కున వేలేసుకున్నప్పుడు కొట్టానా? ఇప్పుడు ఈ నీళ్లకి కొడతానా?"

"నువ్వు ఎవరికి కొడుతున్నావో నీళ్లకేం తెలుసు వదినా?"

"నాకు తెలుసు."

"అందరికీ కోపం ముక్కు మీద ఉంటే నీకు ముక్కులోపల ఉంది. సరే, కొట్టకు. పరీక్ష తప్పినవాళ్లకిచ్చే ఆఫీసు కుర్చీలో పోయి కూర్చో. హాయిగా ఫ్యాను కింద, 'మూడో నంబరు లాంచీ పది నిమిషాలు ఆలస్యం' అని మైకులో చెప్పుకుంటూ..."

"నోర్ముయ్."

"మరి మునుగు."

"మునుగుతా. చూసుకో."

"ఒకటి, రెండు, మూ... అయ్యో! దగ్గు, దగ్గు. బాగా దగ్గు. వీపు రాయనా?"

"అక్కర్లేదు. అబ్బా, నషాళానికంటింది! చూశావా? నువ్వు చెప్పినట్టే ఊఁ కొట్టాను."

"కొట్టలేదు."

"కొట్టాను."

"బుడగలేవీ? ఒక్కటి రాలేదు. పెదాలు బిగించి, కళ్లు మూసి, ఇంజెక్షను చేయించుకునేదానిలా నిలబడ్డావు. నీళ్లకింద అబద్ధం కుదరదు వదినా. కొడితే బుడగ వస్తుంది, కొట్టకపోతే రాదు."

"మొదలుపెడదామనుకునేలోపే లోపలికొచ్చేశాయి."

"ఒకటడుగుతా, చెప్తావా?"

"అడక్కు."

"నువ్వు తలస్నానం చేసినా చెంబుని మొహం మీదికి రానివ్వవు. అలాంటిది, ఎవరో ఊరూ పేరూ లేని అర్జీ పెట్టాడు, సరంగులందరికీ ఈత పరీక్ష అని మీ ఆఫీసు రూలు పెట్టింది. మిగతావాళ్లంతా కొట్లాడదాం రా అంటే, నువ్వు తిన్నగా నా దగ్గరకొచ్చి 'ఈత నేర్పు' అన్నావు. ఏ రూలు పెట్టినా ఒంటికాలి మీద లేచే మనిషివి. దీనికెందుకు లేవలేదు?"

"నీళ్లు చల్లగా ఉన్నాయివాళ."

"నీళ్లు నమలకు."

"నమలట్లేదు. ఇందాకే మింగాను, గుక్కెడు."

"వదినా, నేనే అడుగుతున్నా."

"గడియారాలు బాగుచేసే తాత పడ్డ రోజు ఏం జరిగిందని చెప్పారు నీకు?"

"లాంచీ ఎక్కబోతూ రేవుకీ లాంచీకీ మధ్యలోకి జారాడనీ, తాళ్లు కట్టే ఆయన దూకి తీశాడనీ."

"ఆయన లాంచీ వెనక ఉన్నాడు. అంత దూరం నించి పరిగెత్తుకొచ్చి దూకాడు. మరి నేనెక్కడున్నాను? పక్కనే. రెండు బారల దూరం. ఇంజను ఆపేసి, చక్రం పట్టుకుని నిలబడ్డా. తాత టోపీ తేలింది. తాత తేలలేదు."

"నీకప్పుడు ఈత రాదుగా."

"తాడు పట్టుకుని దిగినా చాలు, చెయ్యి అందేది. దిగుదామనే కాలెత్తా. ఎత్తిన కాలు ఎందుకాగిందో తెలుసా? ముక్కులోకి నీళ్లెళ్తాయే అనుకున్నా. ఒక మనిషి ప్రాణం పోతుంటే నాకు నా ముక్కు గుర్తొచ్చింది. సిగ్గేసిందే. ఇప్పటికీ సిగ్గేస్తోంది. మర్నాడు తాత వచ్చి, 'మీరు ఇంజను ఆపబట్టి బతికాను తల్లీ' అని దణ్ణం పెట్టాడు. నాలుగు తిట్టినా బాగుండేది."

"ఇంజను ఆపడం నిజమేగా?"

"సగం నిజం. సగం నిజంతో చక్రం పట్టుకోలేను. అలాగని వదిలేసి కుర్చీలో కూర్చోమంటే ఛస్తే కూర్చోను. అది నా చక్రం. ఇవాళ ఇటుక పైకొస్తే చక్రం, రాకపోతే కుర్చీ. ఇంతే. ఇంక నా మొహంలోకి అలా చూడకు, ఇంకో దారేదైనా ఉంటే చెప్పు."

"దారా? ఉండు. ముక్కుతో అనే మాట ఇంకోటి... నీకు అలవాటైంది... వదినా, టీ తాగుతావా?"

"ఊఁహూఁ."

"చలేస్తోందా?"

"ఊఁహూఁ."

"అన్నయ్య మీద కోపం తగ్గిందా?"

"ఊఁహూఁ!"

"నోరు తెరిచావా ఇప్పుడు?"

"లేదే."

"మరి గాలెక్కణ్నించి వచ్చింది?"

"ముక్కు... ఒసేయ్ చేపా!"

"మునుగు! లోపల అదే అను. సన్నగా, వెంటవెంటనే, మధ్యలో గాలి పీల్చకుండా. తల నీళ్లకి తగలకముందే మొదలుపెట్టు."

"దేనికి ఊఁహూఁ అనుకోవాలి?"

"నీకు కారణాలు కరువా? మునుగు ముందు!"

"సరే, ఇదిగో."

"ఒకటి, రెండు, మూడు... వస్తున్నాయ్, బుడగలొస్తున్నాయ్... ఏడు, ఎనిమిది... పదకొండు! వదినా! దగ్గేదీ?"

"రాలేదు."

"మంటేదీ?"

"లేదే! చుక్క వెళ్లలేదు! కళ్లు కూడా తెరిచాను. నీ కాళ్లు కనపడ్డాయి. ఎంత వంకరగా ఉన్నాయే నీ వేళ్లు!"

"నా వేళ్ల సంగతి తర్వాత. చూశావా, ఎంత తేలికో."

"వద్దన్నాను, వెళ్లలేదు. ఈ నీళ్లకున్న బుద్ధి మనుషులకుంటే ఎంత బాగుండేది!"

"ఇంకా అయిపోలేదు, సంబరపడకు. ఇక్కడ నిలబడి మునిగావు. అక్కడ తలకిందులుగా దిగాలి. అప్పుడు ముక్కు రంధ్రాలు పైకి తిరుగుతాయి, గిన్నెలోకి పోసినట్టు పోతాయి నీళ్లు. ఇటుక చేతికొచ్చి, మళ్లీ తల పైకి తిరిగేదాకా ఆపకూడదు. గాలంతా మొదట్లోనే వదిలెయ్యకు. నీ పోట్లాటలా కాదు, నిదానంగా."

"మీ అన్నయ్యతో నిదానంగానే పోట్లాడతాను. మూడేసి రోజులు."

"అలాగైతే సరిపోతుంది. అదిగో, మీ ఆఫీసరు అప్పుడే వచ్చేశారు! సార్! సార్, బూట్లు! బూట్లు అక్కడే విప్పాలి!"

"విప్పనమ్మా, రెండు నిమిషాల్లో వెళ్లిపోతాను. సరంగుగారూ, పైకొచ్చెయ్యండి. శుభవార్త."

"ఇటుక ఇంకా కిందే ఉంది సార్."

"ఉండనివ్వండి. మీకు పరీక్ష లేదు. మినహాయింపు ఇచ్చేశాం. ఈ కాగితం మీద సంతకం పెట్టి ఇంటికెళ్లిపోండి."

"చక్రం?"

"మీదే. రేపు పొద్దున్న మొదటి లాంచీ మీరే నడపండి."

"వదినా! విన్నావా? చక్రం నీదేనట!"

"విన్నాను. నువ్వు గెంతకు. సార్, మిగతా పదకొండుమంది సరంగుల సంగతేంటి?"

"వాళ్లకీ ఇచ్చేస్తాం. మీరు పెట్టాక."

"ముందు నేనెందుకు?"

"అంటే... మీరు సీనియరు కదా... ఆడవాళ్లు కూడానూ... అంటే..."

"నీళ్లు నమలకండి సార్. ఇక్కడి నీళ్లలో మందు కలుపుతారు."

"సరే, ఉన్నమాట చెప్తున్నా. మీరు దిగి పాసయ్యారనుకోండి, పైవాళ్లు ఊరుకుంటారా? 'యాభై ఏళ్ల ఆవిడ చేసింది, మీకేం రోగం' అని అందర్నీ దింపమంటారు. పదకొండుమందిలో తొమ్మిదిమందికి ఈత రాదమ్మా! లాంచీలెవరు నడుపుతారు? మీరు సంతకం పెడితే గుట్టుగా అయిపోతుంది. ఊఁ అనండి చాలు."

"ఏమన్నారూ?"

"సార్, ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది మీరు."

"నువ్వుండవే. సార్, మాకు మినహాయింపిచ్చారు, బాగుంది. నీళ్లలో పడ్డవాళ్లకేం ఇస్తారు?"

"ముందీ పెన్ను పట్టుకోండమ్మా."

"కాగితం జేబులో పెట్టుకోండి, తడుస్తుంది. చేపా, లోతు వైపుకి పద."

"వదినా, ఒక్కసారి ఆలోచించు. చేతికొచ్చిన చక్రం..."

"ఆలోచించండమ్మా! దిగి తేలేకపోతే మినహాయింపు కూడా ఉండదు. రేపట్నించి కుర్చీయే! నేను మళ్లీ అడగను!"

"నిండా మునిగినవాళ్లకి చలేంటి సార్? లెక్కపెట్టుకోండి."

"అరె! మునిగిపోయింది! నిజంగా మునిగిపోయిందండీ!"

"అందుకేగా దిగింది సార్. మూడు, నాలుగు..."

"ముక్కు పట్టుకోలేదేంటి?"

"చేతులు ఇటుకకి కావాలి. ఏడు, ఎనిమిది..."

"ఆ బుడగలేంటి, రెండేసి రెండేసి వస్తున్నాయి?"

"మాట్లాడుతోంది."

"నీళ్లలోనా? ఏమంటోంది?"

"మీ కాగితానికి జవాబు చెప్తోంది. పన్నెండు, పదమూడు..."

"ఇంకా రాదేం? బుడగలు తగ్గాయి! చూస్తారేంటి, దూకండి!"

"ఆగండి."

"మీ వదినండీ!"

"ఎవరో నాకు తెలుసు సార్! పదిహేడు. రా వదినా. పద్దెనిమిది. రా తల్లీ, ఇంక చాలు. పంతొమ్మిది. రా, రా..."

"హా! పట్టుకో! బరువే, రెండు చేతులతో పట్టుకో!"

"తెచ్చావు! వదినా, తెచ్చేశావు!"

"ఏడుస్తున్నావా?"

"లేదు. కొలను నీళ్లు."

"అబద్ధం. రాసుకోండి సార్, రెండు చేతులతో తెచ్చింది, ముక్కు పట్టుకోలేదు అని. రెండోది గట్టిగా రాయండి."

"రాస్తున్నానమ్మా. రాయక ఛస్తానా? పాస్. అయిపోయింది. రేపట్నించి ఆ తొమ్మిదిమందీ నా ప్రాణం తీస్తారు. అసలు మిమ్మల్నని ఏం లాభం? ఇదంతా ఆ దిక్కుమాలిన అర్జీ వల్ల వచ్చింది. పేరు రాయడానికి ధైర్యం లేదు గానీ, 'సరంగులు మునిగేవాళ్లని చూస్తూ నిలబడుతున్నారు, పరీక్ష పెట్టండి' అని పెద్ద పెద్ద అక్షరాల్తో పైవాళ్లకి రాసి పడేశారు. ఆ మహానుభావులెవరో కనబడితే కాళ్లు పట్టుకునైనా వెనక్కి తీయించేవాణ్ని!"

"పట్టుకోండి సార్. తడి కాళ్లు, జారతాయి. ఎంతసేపు పట్టుకున్నా అర్జీ మాత్రం వెనక్కి తీసుకోను."