వెనక్కి తిరిగిన సీటు

1998వ సంవత్సరం మార్చి నెల 24వ తేదీ పగలు పదకొండు గంటలకు, మదనపల్లెలో మేజిస్ట్రేటు గారి ఎదుట చెప్పిన వాంగ్మూలం.

నా పేరు సుబ్రమణ్యం. తండ్రి పేరు దాసప్ప. వయసు నలభై రెండు. మదనపల్లెలో పుంగనూరు రోడ్డు పక్కన వెల్డింగ్ షాపు పెట్టుకోని పద్నాలుగేండ్లయింది. గేట్లు, గ్రిల్లులు, జీపులకు టాప్ క్యారియర్లు చేస్తాను. షాపులో నేనొక్కణ్ణే. నన్ను ఈడికి ఎవరూ పిలిపించలేదు. నేనే వచ్చినాను. ఈ నెల 3వ తేదీన పోలీసులకు ఒక మాట చెప్పి సంతకం పెట్టినాను. ఆ మాట అబద్ధం. ఆ మాట మీద ఒక మనిషి ఇరవై రెండు రోజులుగా లోపలుండాడు.

ఫిబ్రవరి 9వ తేదీ పొద్దున పది గంటలకు ముద్దుకృష్ణ అనే ఆయన జీపు తోలుకోని నా షాపుకొచ్చినాడు. అంతకు ముందు ఆయన్ని నేను ఎరగను. కురబలకోట దగ్గర పల్లె, సేద్యం ఉండాది, గొర్రెలుండాయి అని చెప్పినాడు. యాభై ఏండ్లుంటాయి. జీపు పైన క్యారియర్ మీద ఒక మనిషి కూర్చునేదానికి సీటు కావాలన్నాడు. కావాలంటే లేపుకోవాల, వద్దంటే మడిచిపెట్టాల, మడిస్తే కింద నిలబడినోళ్లకు అక్కడ సీటుందని తెలీకూడదు అన్నాడు. పైన మనిషిని కూర్చోబెడితే బండి ఆపుతారు కదా అన్నాడు. అది న్యాయమే అనుకున్నాను.

సీటు వెనక్కి తిరిగి ఉండాలన్నాడు. నేను సరిగ్గా వినలేదేమో అని మళ్లా అడిగినాను. జీపు ముందుకు పోతాంటే మనిషి వెనక్కి చూస్తా కూర్చోవాల అన్నాడు.

"యాలప్పా, వెనక ఏముంటాది?" అంటే, "నువ్వు సెయ్యప్పా, అంతే," అని మొహం పక్కకు తిప్పుకున్నాడు.

కొలతలకు ఒక పురిదారం ముక్క తెచ్చినాడు. దానికి ముళ్లు వేసి ఉండాయి. వీపుకు ఇంత, తొడకు ఇంత, మోకాలి నుంచి పాదానికి ఇంత అని చూపించినాడు. ఆయన ఆరడుగుల మనిషి. ఆ కొలత ఆయనది కాదు, ఎవరో పొట్టి మనిషిది. ఎవరు కూర్చుంటారంటే చెప్పలేదు. బండి ఏ పక్క తిప్పుతావంటే పుంగనూరు, కుప్పం, యాడ సంత జరిగితే ఆడికి అన్నాడు. ఏం అమ్ముతావంటే ఏమీ అమ్మనన్నాడు.

నాలుగు రోజులు పట్టింది. యాంగిల్ ముక్కలతో చట్రం కట్టి, క్యారియర్ అడ్డపట్టీకి రెండు మడత బందులు వేసినాను. వీపు భాగం సీటు మీద పడుకుంటుంది, కాళ్లు లోపలికి మడుచుకుంటాయి, మొత్తం కలిసి క్యారియర్ కమ్మీల నడుమకు దిగిపోతుంది. లేపితే గడియ దానంతట అదే పడాల. మొదట వేసిన గడియ జీపు ఎగిరితే ఊడొచ్చేటట్టు ఉండె. దాన్ని కోసి పారేసి స్ప్రింగు పెట్టి ఇంకోటి చేసినాను. నడుముకు బెల్టు పెట్టినాను. ఆయన అడక్కపోయినా రెండు పక్కలా పట్టుకునే కమ్మీలు పెట్టినాను. నేనే ఎక్కి కూర్చోని ఎగిరి చూసినాను. నా పని గురించి నేను చెప్పుకోకూడదు గానీ, ఆ సీటు బాగా వచ్చింది.

క్యారియర్‌కు ఉన్న బూడిదరంగే సీటుకూ పుయ్యమన్నాడు. దాంతో నా అనుమానం గట్టిపడింది. కుప్పం పక్క అడవిలో గంధపు చెక్క కొట్టి తోలతారని అందరూ చెప్పుకుంటారు. సరుకు బండి వెనకాల ఈ జీపు పోతుంది, పైన ఒకడు కూర్చోని పోలీసులు వస్తాండారేమో వెనక్కి చూస్తా కాపలా కాస్తాడు, అని అనుకున్నాను. ఎవరూ నాకు చెప్పలేదు. నేనే అనుకున్నాను.

14వ తేదీ సాయంత్రం నాలుగు గంటలకు ఆయన జీపు తీసుకుపోయినాడు. పోతా పోతా గడియను మూడుసార్లు వేసి తీసి చూసుకున్నాడు. నేను జీపు నంబరు గోడ మీద సుద్దముక్కతో రాసిపెట్టుకున్నాను. 20వ తేదీన తన ఇంటి గేటు పనికి వచ్చిన ఒక పోలీసు జమేదారుతో మాటల్లో ఈ సంగతి చెప్పినాను. నంబరు అడిగితే గోడ చూపించినాను.

మార్చి 2వ తేదీ పుంగనూరు సంతలో జరిగింది నేను చూడలేదు. అక్కడ టీ అంగడి పెట్టుకున్న సిద్దమ్మ, ముద్దుకృష్ణ భార్య మునిరత్నమ్మ నాకు తర్వాత చెప్పినారు. మధ్యాహ్నం మూడు గంటలకు జీపు జనంలో మెల్లగా పోతా ఉండాది. పైన సీటులో కూర్చోనుండింది మునిరత్నమ్మ. ఆమె ఉన్నట్టుండి టాపు మీద చేత్తో కొట్టి, "ఆడుండాడు, నిలుపు," అనింది. ముద్దుకృష్ణ బండి పక్కకు తిప్పినాడు. ఆ నంబరు కోసం కాచుకోనున్న పోలీసులు, తమను చూసి పారిపోతాండాడనుకోని ఈల వేసి అడ్డం పరిగెత్తినారు. ఎద్దులు బెదిరి రోడ్డుకు అడ్డం వచ్చినాయి. ఆయన గట్టిగా బ్రేకు తొక్కినాడు. ఆమె అప్పటికే దిగాలని బెల్టు విప్పి లేచి నిలబడింది. కింద పడింది. ఎడమ తొడ ఎముక విరిగింది. జీపంతా వెతికినారు. చెక్క లేదు, ఏమీ లేదు. అయినా ముద్దుకృష్ణను పట్టుకోని పోయినారు.

మరుసటి రోజు పొద్దున నన్ను పిలిపించి, దొంగచాటు సీటు ఎందుకు చేసిచ్చినావని అడిగినారు. నన్ను కూడా కలిపేస్తారని భయమేసింది. పోలీసులు వచ్చేది దూరం నుంచే కనపడాలని ముద్దుకృష్ణే నాతో అన్నాడని చెప్పినాను. ఆయన ఆ మాట అనలేదు. ఎప్పుడూ అనలేదు.

5వ తేదీన పోలీసులు జీపు పెట్టిన చోటికి పోయి సీటు చూసినాను. ఆమె పడింది నా అతుకు ఊడినందుకేమో అని అదొకటి మనసులో పీకుతా ఉండె. అతుకులన్నీ చేత్తో తడిమి చూసినాను. ఒక్కటీ కదల్లేదు. గడియ పడే ఉండాది. నాకు సంతోషమయింది. అది కూడా రాసుకోండి.

6వ తేదీ పొద్దున తొమ్మిదికి మదనపల్లె ఆస్పత్రికి పోయినాను. నా సీటులో తప్పు లేదని ఆ ఇంటోళ్లకు చెప్పాలని పోయినాను. మంచం మీద మునిరత్నమ్మను చూసినాను. నాలుగున్నర అడుగులు కూడా ఉండదు. పురిదారం కొలత ఆమెదే. సీటు చేసింది నేనేనని చెప్తే, బాగా చేసినావప్పా, ఒక్కసారి కూడా కదల్లేదు అనింది. వెనక్కి ఎందుకు పెట్టించుకున్నారమ్మా అని అడిగినాను.

"ముందుకు సూస్తే నడిసేవాళ్ల వీపులే కదప్పా కనపడేది. జీపు దాటినాక వెనక్కి సూస్తే మొగాలు కనపడతాయి. వాడు పిలిస్తే పలకడు. నేను సూడాల్సిందే."

వాడంటే ఆమె తమ్ముడు మునిరాజు. ముప్పై ఏండ్లు. పుట్టు చెవుడు, మాట రాదు. పోయిన ఏడాది శ్రావణంలో పుంగనూరు సంతలో తప్పిపోయినాడు. రెండెకరాల భూమి ఆయన పేరు మీద ఉండాది. ఆ భూమి కోసం బావ ముద్దుకృష్ణే మాయం చేసినాడని మునిరాజు దాయాదులు ఊరంతా చెప్పినారు. వెతుకుతాండామని చెప్పుకుంటే అదొక నాటకమంటారని ముద్దుకృష్ణ ఎవరికీ నోరు విప్పలేదు. ఆయన్ని లోపల వేసినాక ఆ దాయాదులే వచ్చి, మునిరాజు శవం యాడ పెట్టినాడో అడగండి అన్నారంట. అంతా విన్నాను. జమేదారుకు చెప్పింది నేనేనని ఆ రోజు ఆమెకు చెప్పలేకపోయినాను. మునిరాజు గుర్తులు మాత్రం అడిగినాను. ఎవరన్నా మాట్లాడతాంటే వాళ్ల గొంతు మీద చెయ్యి పెట్టి చూస్తాడని చెప్పింది.

7వ తేదీ నుంచి షాపు మూసినాను. పుంగనూరు, నిమ్మనపల్లె, పలమనేరు తిరిగినాను. జనంలో నేల మీద నిలబడితే ఏమీ కనపడదని నాకప్పుడు తెలిసింది. యాడన్నా అరుగుంటే ఎక్కి నిలబడేవాణ్ణి.

21వ తేదీ పొద్దున ఎనిమిది గంటలకు కుప్పంలో కూరగాయల మండీలో బస్తాలు మోసే ఒకతన్ని చూసినాను. మేస్త్రీ మాట్లాడతాంటే ఆయన గొంతు మీద చెయ్యి పెట్టినాడు. మేస్త్రీ ఏమీ అనుకోకుండా మాట్లాడతానే ఉండాడు. ఆ మనిషి ఆరు నెలలుగా అక్కడే ఉండాడని, ఎవరి మనిషో తెలీదని, ఈ నెల 2వ తేదీ సరుకు లారీలో పుంగనూరు సంతకు పోయొచ్చినాడని మేస్త్రీ చెప్పినాడు. ఆమె చూసింది తమ్ముణ్ణే.

మేస్త్రీని కూడా పిలుచుకోని మధ్యాహ్నం మూడున్నరకు ఆస్పత్రికి వచ్చినాము. మునిరాజు గడపలో నిలబడి కట్టు కట్టిన కాలినే చూస్తా ఉండినాడు. ఆమె పిలవలేదు. చెయ్యి చాపింది. ఆయన పోయి పక్కన కూర్చుంటే, వీపు మీద నాలుగు దెబ్బలు కొట్టి, ఆ చెయ్యి తియ్యకుండా అట్లే పెట్టుకుంది. అప్పుడు నేను అంతా ఆమెకు చెప్పినాను. జమేదారు సంగతి, గోడ మీద నంబరు, 3వ తేదీ పెట్టిన సంతకం. 

"నాకు సెప్తే ఏమొస్తాదప్పా. రాసుకునేవాళ్ల దగ్గరికి పోయి సెప్పు," అనింది.

అందుకే వచ్చినాను. మునిరాజు, కుప్పం మేస్త్రీ బయట వరండాలో ఉండారు. అబద్ధపు మాట ఇచ్చినందుకు నా మీద కేసు పెట్టొచ్చని అయ్యగారు ముందే చెప్పినారు. తెలిసే చెప్తాండాను.

పైన రాసింది గుమాస్తా గారు రెండుసార్లు చదివితే విన్నాను. ఇందులో చూసినాను అన్నది నా కండ్లతో చూసింది. విన్నాను అన్నది విన్నది. అనుకున్నాను అన్నది అనుకున్నది మాత్రమే, దాన్ని ఎవరూ చూసినట్టుగా తీసుకోకూడదు. ఎవరి బలవంతమూ లేకుండా చెప్పి, నేనూ ఒకసారి చదువుకోని, సంతకం పెడతాండాను.

(సంతకం) డి. సుబ్రమణ్యం