గీత దాటని పసుపు

బోధన్ దాటిన బస్సులో తండ్రీ కూతుళ్లు పక్కపక్కన కూర్చున్నారు. ఆయన కోటగిరి పసుపు రైతు. ఆమె యూనివర్సిటీలో గణాంకశాస్త్రంలో పరిశోధన చేస్తోంది.

“బాపూ, తప్పయింది. పడిపోయిన పసుపు రేటు మళ్ల పాత కాడికే వస్తదని పోయినేడు చెప్పిన గదా? గది నమ్మకు.”

“నీ మాట మీదనే నలభై బస్తాలు కోల్డ్ స్టోరేజిల పెట్టిన గద, బిడ్డా!”

“అందుకే చెప్తున్న. లెక్క ఏ గీత దాటితే రేటు మళ్ల వస్తదనాల్నో ఒక పట్టిక చెప్తది. నేను చూసిన పట్టిక వేలల్ల లెక్కలుంటేనే సరిగ్గ పనిచేస్తది. మన తాన ఉన్నయి ముప్పై ఏండ్ల రేట్లే.”

“తప్పని ఎవలు పట్టిండ్రు? మీ సారా?”

“నేనే. ముప్పై ఏండ్లకు సరిపోయే కొత్త పట్టిక కట్టిన. కంప్యూటర్ల లక్షసార్లు ఉత్తుత్తి రేట్లు పుట్టించిన. అన్నీ ఎటువడితే అటు తిరిగేటియే, పాత కాడికి రావాలని లేనియే. అయినా పాత పట్టిక అండ్ల శానా వాటిని ‘మళ్ల వస్తయి’ అన్నది.”

“లక్షసార్లా! మా దలారిని ఒక్కపారి మళ్ల లెక్కజూడుమంటేనే మొఖం మాడ్చుకుంటడు.”

“నవ్వకు బాపూ. మన పసుపు అప్పుడు గీతను జరంతల దాటింది. కొత్త పట్టికతోని గీత సరిజేస్తే ఇవతలనే ఆగింది. రేటు వస్తదని చెప్పలేం, రాదనీ చెప్పలేం.”

ఆయన కోల్డ్ స్టోరేజి సేటుకు ఫోను చేశాడు.

“సేటూ, నా బస్తాలు సగం అమ్మకానికి మార్కెట్ యార్డుకు పంపు. సగం ఉండనీ.”

“కోపం రాలేదా బాపూ?”

“ఎందుకొస్తది? యార్డుల అందరు రేటు మాకెరుకే అంటరు. ఎరుక లేదని లక్షసార్లు సూసి చెప్పింది నువ్వొక్కదానివే.”