నొప్పి సంగతి నేను చెప్పాను

నేను పరుపులు కుట్టి బతికినవాణ్ణి. వయసు డెబ్బై ఒకటి. ఐదో తరగతి దాకా చదివాను. ఎస్సైగారు అడగగా చెబుతున్నాను. ముందు నా కొడుకు బతికాడని రాయించండి. ఈ ఉదయం కళ్లు తెరిచి, "నాన్నా, ఆ గడ్డం గీసుకో, నిన్ను చూస్తే భయమేస్తోంది" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది కేసుకు పనికిరాదన్నారు. అయినా రాయించండి.

నా కొడుక్కి తొమ్మిదేళ్లుగా డయాలసిస్ జరుగుతోంది. ఏళ్ల తరబడి చేయించుకునేవాళ్ల పాడైన కిడ్నీల మీద నీటిబుడగలు వస్తాయని, అవి పగిలితే లోపల నెత్తురు కారుతుందని సెంటర్ డాక్టరుగారు మాకు చెప్పి ఉన్నారు. పక్కలో నొప్పి వస్తే చెప్పమన్నారు. అలాంటి రోజున రక్తం పలచబరిచే మందు లేకుండా మిషన్ నడుపుతామన్నారు.

సోమవారం ఉదయం డయాలసిస్ సెంటర్లో నా కొడుకు ఎడమపక్క పట్టుకుని మంచమెక్కాడు. మిషన్ నడిపే టెక్నీషియన్‌కు నేనే చెప్పాను. అతను నన్ను బాబాయ్ అంటాడు, నా కొడుకు అతన్ని అన్నా అంటాడు. మా ఇంట్లో ఎన్నోసార్లు తిన్నాడు. అతని పెళ్లికి పరుపు నేనే కుట్టిచ్చాను, దూది నా చేత్తో ఏకి.

"అబ్బాయ్, వీడికి పక్కలో పొడుస్తోందట. డాక్టరుగారికి ఓ మాట చెప్పు."

"గ్యాస్ అయ్యుంటుంది బాబాయ్. మందు లేకుండా నడిపితే గొట్టాల్లో నెత్తురు గడ్డకడుతుంది. మాటిమాటికీ సెలైన్ తోస్తూ ఇక్కడే కాపలా కూచోవాలి. ఇవాళ నేనొక్కణ్ణే."

"తమ్ముడి కోసం నువ్వు కాక ఇంకెవరు కూచుంటారు?"

"నా మీద నమ్మకం లేదా?" అని నవ్వాడు.

ఉంది. డాక్టరుగారి గదికి వెళ్దామని లేచినవాణ్ణి మళ్లీ కూర్చున్నాను. అతను మందు ఎక్కించాడు. సగంలో నా కొడుకు ఒళ్లు చల్లబడింది, బీపీ పడిపోయింది. పెద్దాసుపత్రికి తీసుకెళితే కిడ్నీ చుట్టూ నెత్తురు చేరిందన్నారు. రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపి, కారే చోటు మూసేశారు. ఆ డాక్టర్లు నిండు నూరేళ్లు చల్లగా ఉండాలి.

ఆ ఆసుపత్రి వరండాలోనే సెంటర్ డాక్టరుగారు ఆ టెక్నీషియన్ని నిలదీశారు. నేను పక్కనే ఉన్నాను. "నొప్పి సంగతి ఎవరూ చెప్పలేదు సార్. ముసలాయనకు ఏం గుర్తుంటుంది?" అన్నాడు. ముసలాయన అన్నాడు. నా మొహం చూడలేదు.

నిన్న అతని భార్య వచ్చింది. "మావయ్యగారూ, చెప్పడం మరిచిపోయానని ఒక్క మాట అనండి. ఆయన ఉద్యోగం నిలబడుతుంది. మీ అబ్బాయి బతికాడు కదా" అంది. బతికాడు. ఈ సంతోషంలో ఇంకేం అడిగినా ఇచ్చేవాణ్ణే. ఆ మాట ఇస్తే మాత్రం, కొడుకు నొప్పి కన్నతండ్రే పట్టించుకోలేదని అవుతుంది. ఇవ్వను.

నేను చెప్పాను. మందు ఎక్కించకముందే చెప్పాను. అతను విన్నాడు.

ఇందాక నేనిక్కడికి బయలుదేరుతుంటే నా కొడుకు, "అన్న నన్ను చూడ్డానికి వచ్చాడా?" అని అడిగాడు. పడుకోరా అన్నాను. అది కూడా రాయించండి.

రాసినదంతా చదివి వినిపించగా విన్నాను. నేను చెప్పినదే ఉంది, నిజమే ఉంది. కళ్లజోడు ఆసుపత్రిలో వదిలొచ్చినందున సంతకానికి బదులు ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను.